గ్రీన్ టీకి దమ్ పెట్టిన రోజు

చాయ్ విషయంలో తనకు ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదని వామన్‌రావుకు గట్టి నమ్మకం. పుట్టింది నాంపల్లిలో, పెరిగింది నాంపల్లిలో. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో క్లర్కుగా చేరి, క్లర్కుగానే రిటైరై, పెన్షన్ తీసుకుంటూ కూర్చున్నదీ నాంపల్లిలోనే. ఇన్నేళ్ళలో ఆయన తాగిన చాయ్ అంతా ఒకచోట పోస్తే ఎంతవుతుందో ఆయన భార్య కమల ఒకసారి లెక్క వేయబోయింది. హుస్సేన్ సాగర్ దాకా వచ్చాక భయమేసి ఆపేసింది.

అలాంటి మనిషికి ఒకనాడు పొద్దున డాక్టరు, ఇవాళ ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత తేలిగ్గా, "షుగర్ వచ్చిందండీ. ఇంక చాయ్ బంద్ చేయాలె" అన్నాడు.

"తగ్గించాల్నా?" అని అడిగాడు వామన్‌రావు, బేరం కుదురుతుందేమోనని.

"బంద్," అన్నాడు డాక్టరు. పక్క కుర్చీలో కమల కూర్చుని వింటోంది. లేకపోతే ఇంటికి వెళ్ళాక ఆ మాటను ఇంకోరకంగా చెప్పుకునేవాడే. ఆ అవకాశం కూడా లేకుండా పోయింది.

కమల బడిలో హిందీ పంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ ఒకసారి చెప్పిందంటే ఇక చెరపడానికి ఉండదు. ఇంట్లో అడుగు పెట్టగానే చెప్పులైనా సరిగా విడవకుండా చాయ్‌పత్తి డబ్బా, చక్కెర డబ్బా రెండూ తీసుకెళ్ళి ఎదురింటి విజయకు ఇచ్చేసింది. మధ్యాహ్నం ఆబిడ్స్‌కు వెళ్ళి గ్రీన్ టీ ఆకు డబ్బా ఒకటి కొనుక్కొచ్చింది.

"ఇగ రోజూ గిదే మీకు. ఐసేసి, నిమ్మకాయ పిండి, జర పుదీన ఏసి ఇస్త. ఎండలల్ల సల్లగుంటది, పానానికి మంచిది. చక్కెర లేదు, పాలు లేవు."

"చక్కెర లేదు, పాలు లేవు, ఏడి లేదు. మరి గండ్ల చాయ్ ఏడున్నదే?"

"గ్లాసుల ఉన్నది. తాగున్రి, తెలుస్తది."

ఆయన కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా గటగటా తాగేశాడు. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. ఆ ఎండలో ఒళ్ళు చల్లబడి, నాలుక మీద నిమ్మకాయ వాసన కాసేపు నిలబడి, ఇంకో గ్లాసు ఇస్తే కాదనేవాడు కూడా కాదు. కానీ ఆ మాట పైకి అంటే ఇంకేమన్నా ఉందా? "గడ్డి నీళ్ళు" అని గ్లాసు బల్ల మీద పెట్టి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అయితే ఆయన అసలు దిగులు చాయ్ గురించి కాదు. గట్టయ్య గురించి.

ఆబిడ్స్‌లో ఒక సందు మొదట్లో గట్టయ్యకు బ్యాగుల రిపేరు దుకాణం ఉంది. తెగిన జిప్పులు, ఊడిన చక్రాలు, విరిగిన సూట్‌కేసు పిడులు, అన్నీ అతని చేతిలో మళ్ళీ లేచి తిరుగుతాయి. కరీంనగర్ వైపు పల్లె నుంచి కూలి పనికని వచ్చి, పని నేర్చుకుని, చివరికి సొంత దుకాణం పెట్టుకున్నవాడు. వామన్‌రావు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి అన్నం డబ్బా పెట్టుకునే సంచి పట్టీ తెగితే కుట్టించుకోవడానికి వెళ్ళాడు. సంచి కుట్టడం అయ్యాక గట్టయ్యను చాయ్‌కి పిలిచాడు. అప్పటినుంచి సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో, గోడవారన ఉన్న పాలరాతి బల్ల దగ్గర చేరతారు. వానొచ్చినా, బంద్ వచ్చినా, ఇంట్లో చుట్టాలొచ్చినా ఆ కలయిక ఆగలేదు.

తాగేది ఎప్పుడూ వన్ బై టూనే. ఒక చాయ్, రెండు కప్పులు. తెలియనివాళ్ళు దాన్ని పిసినారితనం అనుకుంటారు. తెలియకపోతే నోరు మూసుకోవాలి గానీ అలా అనుకోకూడదు. నిండు కప్పు ఎవడైనా ఒంటరిగా తాగుతాడు. వన్ బై టూ అడగాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి రోజూ ఉండాలి. ఈ ఊళ్ళో కొందరికి అంత భాగ్యం లేదు. వామన్‌రావుకు ఉండేది.

గట్టయ్య పెద్దగా పట్టింపులున్న మనిషి కాడు. కానీ ఆ బల్ల దగ్గర ఒక్కదాంట్లో మాత్రం మహా మొండి. చాయ్ చల్లారనీ, మీగడ కట్టనీ, బయట కొట్లాట అవనీ, ఎవరి సగం వాళ్ళు తాగి లేవాల్సిందే. "నీ సగం నువ్వు ఇడిసిపెట్టి లేస్తే, నేను తాగింది ఏమున్నట్టు? నన్ను కూడ ఇడిసిపెట్టినట్టే," అనేవాడు. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఎవరూ ఆ కట్టు దాటలేదు.

డాక్టరు బంద్ అన్న ఆ సాయంత్రమే వామన్‌రావు దాటాడు.

నిమ్మకాయలకని చెప్పి ఇంట్లోంచి బయటపడి హోటల్‌కు వెళ్ళాడు. గట్టయ్యకు సంగతి చెప్పేద్దామనే వెళ్ళాడు పాపం. సర్వర్ అలవాటు ప్రకారం అడగకుండానే చాయ్ తెచ్చి రెండు కప్పుల్లో సమంగా పోసి పెట్టాడు. గట్టయ్య ఆ రోజు హుషారుగా ఉన్నాడు. ఎవరో పెళ్ళికొడుకు సూట్‌కేసు తాళం పడిపోయి, లోపల షేర్వానీ ఇరుక్కుపోయి, బయట గుర్రం ఎదురుచూస్తున్న కథ చెబుతున్నాడు. ఆ కథలోకి షుగర్‌ను ఎక్కడ దూర్చాలో వామన్‌రావుకు అంతుబట్టలేదు. చెబితే గట్టయ్య ఏమంటాడో తెలుసు. "సగం కప్పుతోని ఏమైతది రావ్ సాబ్, తాగు," అంటాడు. అంటే తాను తాగుతాడు. అదీ తెలుసు. ఇంతలో ఆవిరి ముక్కుకు తగిలింది. పాలు మరిగిన కమ్మని వాసన. ఇక అక్కడ ఒక్క క్షణం కూర్చుంటే కమలకు మొహం చూపించలేడు.

టక్కున లేచి నిలబడ్డాడు.

"నాకొద్దు. నువ్వే తాగు," అన్నాడు. అనాలనుకున్నదానికన్నా చాలా కటువుగా వచ్చింది గొంతు.

గట్టయ్య నోట్లో పెళ్ళికొడుకు కథ సగంలో ఆగిపోయింది. "అరె, ఏమైంది? నేనేమన్న అన్ననా?"

వామన్‌రావు మెట్లు దిగి వచ్చేశాడు. రోడ్డు దాటేలోపే తప్పు చేశానని తెలిసింది. తెలిస్తే వెనక్కి వెళ్ళొచ్చు కదా? వెళ్ళలేదు. మనిషికి పొగరంటే అదే మరి. నిమ్మకాయలు కూడా మర్చిపోయి ఇంటికి పోయి, దానికి వేరే చీవాట్లు తిన్నాడు.

తరవాత రోజూ కమల చేసిన ఐస్ టీ తాగుతూ వసారాలో కూర్చున్నాడు. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాటంతట అవే గేటు దాకా వెళ్ళేవి. మళ్ళీ వెనక్కి వచ్చేవి. టీవీ పెట్టేవాడు, తీసేసేవాడు. కుండీల్లో మొక్కలకు ఒకసారి పోసిన నీళ్ళే మళ్ళీ పోసేవాడు. "అవి మునిగి సస్తయి," అంది కమల. అసలు సంగతి ఆవిడకు తెలియకపోలేదు. తానే చెప్పనీ అని చూస్తోంది.

చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక, దూరం నుంచి చూసి వచ్చేద్దామని హోటల్ వైపు నడిచాడు. ఎదురుగా పండ్ల బండి చాటున నిలబడి తొంగి చూశాడు. గోడవారన బల్ల దగ్గర ఎవరో రైలు ప్రయాణికులు కూర్చుని సమోసాలు తింటున్నారు. గట్టయ్య లేడు. లోపలికి వెళ్ళి సర్వర్‌ను అడిగాడు.

"మీరు రాకపోయినప్పటి సంది గట్టయ్య సాబ్ కూడ వస్తలేడు సాబ్. మీ ఇద్దరిదీ ఏమన్న లడాయి అయిందా?"

 గట్టయ్య ఇంకెవరితోనైనా కూర్చుని తాగుతుంటే వామన్‌రావు బాధపడేవాడే, కోపం తెచ్చుకునేవాడే. అసలు రావడమే మానేశాడంటే మనసు పూర్తిగా విరిగిందన్నమాట. అక్కణ్ణుంచి అటే ఆబిడ్స్‌కు నడిచాడు.

గట్టయ్య తల వంచుకుని ఒక నల్ల బ్యాగుకు జిప్పు కుడుతున్నాడు. మనిషి నీడ పడగానే తల ఎత్తకుండానే అడిగాడు. "ఏం రిపేరు?"

"రిపేరు కాదు. నేను."

"ఔ, నువ్వే. చెప్పులు చూస్తనే తెలిసింది."

"హోటల్‌కు పోతలేవంట?"

"పోయి ఏం చెయ్యాలె? నిండు కప్పు తాగుడు నాకు రాదు." సూది గుడ్డలోకి కసిగా దిగింది. "సగం తాగనీకి మనిషి దొరకాలె కద."

వామన్‌రావు అక్కడికక్కడే షుగర్ సంగతి చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ దుకాణంలో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు, వాళ్ళముందు తన రక్తం కబుర్లు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "రేపు పొద్దుగూకాల ఇంటికి రా," అన్నాడు. "నా చేతులతోని చాయ్ చేసి పోస్త."

గట్టయ్య అప్పుడు తల ఎత్తాడు. "నువ్వా? చాయ్ చేస్తవా?"

"ఏం, చెయ్యనా?"

"ఎన్నడు చేసినవని?" గట్టయ్య మళ్ళీ తల దించుకున్నాడు. "చూస్త. గిరాకీ లేకుంటే వస్త."

గిరాకీ లేకుంటే! ఇన్నేళ్ళూ గిరాకీ నిలబడి ఉన్నా షట్టరు సగం దించి వచ్చిన మనిషి. దారంతా ఆ మాటే చెవిలో గింగుర్లెత్తింది. రేపు వస్తే, వచ్చి తన చేతి సగం తాగితే, అంతా చక్కబడుతుంది. తాగకపోతే మాత్రం ఇంక అంతే. ఈ వయసులో ఇంకో గట్టయ్యను ఎక్కణ్ణుంచి తెస్తాడు?

రాత్రి అన్నాల దగ్గర కమలకు సంగతంతా చెప్పాడు. ఆవిడ మొహం విప్పారింది. "గిప్పటికన్న తెలివొచ్చింది మీకు. ఐస్ టీ చేసి పొయ్యున్రి. ఇంట్ల వేరే చాయ్ ఎట్లాగూ లేదు. షుగర్ సంగతి కూడ చెప్పున్రి. చెప్తరు కద?"

"చెప్త."

"రేపు మధ్యాహ్నం నేను కాచిగూడ పోవాలె. శ్రీవిద్య టీచర్ కొత్తింట్ల సత్యనారాయణ వ్రతం. మీరే చేసుకోవాలె. వినున్రి. నీళ్ళు తెర్లొద్దు. సన్న బుడగలు రాంగనే స్టవ్ బంద్ చెయ్యాలె. ఆకు ఏసి రెండు నిమిషాలు, గంతే. జాలీల వడగట్టి, సల్లారినంక ఫ్రిజ్‌ల పెట్టాలె. ఆఖరికి నిమ్మరసం, పుదీన, ఐసు. ఏదీ, మల్ల చెప్పున్రి."

"చాయ్ చేసుడు నాకు చెప్తున్నవా?" అన్నాడు వామన్‌రావు. ఆ మాట విన్నప్పుడే కమల వ్రతం మానుకుని ఇంట్లో ఉండిపోవాల్సింది. ప్రసాదం మీద మనసుపడి వెళ్ళింది.

మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళిన వామన్‌రావు గ్రీన్ టీ డబ్బాను చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. రెండు నిమిషాలట! రెండు నిమిషాల్లో అయ్యేది చాయ్ ఎలా అవుతుంది? ఇంట్లో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకు పోయడానికి అది సరిపోవచ్చు. అలిగిన దోస్తును పిలిచి, రెండు నిమిషాల్లో తేల్చేసిన నీళ్ళు మొహాన పోస్తే ఏమనుకుంటాడు? ఇరానీ హోటల్లో చాయ్ ఎలా అవుతుంది? ఆకు నీళ్ళలో పడి, మూత బిగించి, ఆవిరి బయటికి పోకుండా దమ్ మీద గంటలకొద్దీ మగ్గితే అవుతుంది. ఆ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి కళ్ళారా చూసినవాడు తాను. ఆకు నల్లదైతే ఏంటి, పచ్చదైతే ఏంటి? ఆకు ఆకే. దమ్ పడాల్సిందే.

ఇలా ఆలోచించేవాడికి పక్కన ఎవరూ లేకపోవడం చాలా ప్రమాదం.

ముందు గిన్నెలో నీళ్ళు పోశాడు. ఆకు గుప్పెడు వేశాడు. గట్టయ్య ముఖం గుర్తొచ్చి ఇంకో గుప్పెడు వేశాడు. ఫ్రిజ్‌లో కమల రాత్రి రొట్టెలకని తడిపి పెట్టుకున్న పిండిముద్ద తీసి, తాడులా పొడుగ్గా సాగదీసి, మూత చుట్టూ ఒత్తుకుంటూ పోయాడు. ఎక్కడా సందు లేకుండా అతికాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే ఆయనకే ముచ్చటేసింది. సన్నమంట పెట్టి, కుర్చీ వంటింట్లోకే లాక్కుని పేపరు చదువుతూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళ తరవాత మనసు కుదుటపడింది. ఈల కూడా వేశాడు.

కొంతసేపటికి ఒక వాసన లేచింది. ఆయన దాన్ని మొదట పట్టించుకోలేదు. ఎదురింటి కిటికీలోంచి విజయ తొంగి చూసింది.

"అంకుల్, ఏం ఉడుకుతున్నది? మెంతికూర మాడినట్టున్నది!"

"చాయ్!" అని అరిచాడు ఇక్కణ్ణుంచి.

విజయ కిటికీ మూసేసింది.

గంట దాటాక పిండి పగలగొట్టి మూత తీశాడు. గుప్పున పొగ. లోపల రంగు పచ్చగా లేదు, ఎర్రగా లేదు, చెరువులో నానిన కట్టెలా ఉంది. "గట్టిగొచ్చింది," అని సంబరపడ్డాడు. వడగట్టి, ఫ్యాను కింద చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పుదీనా కడిగి, నిమ్మకాయ కోసి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూద్దామని చెంచా తీసేసరికి బయట గేటు చప్పుడైంది.

గట్టయ్య వచ్చాడు. వచ్చాడు! అదీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకుని వచ్చాడు. కానీ ముఖం బిగించుకునే ఉన్నాడు. వసారాలో కుర్చీ అంచున, ఏ క్షణమైనా లేచి వెళ్ళేవాడిలా కూర్చున్నాడు.

"వదినమ్మ లేదా?"

"కాచిగూడ పోయింది. వస్తది. కూసో, కూసో."

వామన్‌రావు ఒక పెద్ద చెంబు, రెండు గాజు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఐసు ముక్కలు, పుదీనా వేసి నిమ్మకాయ పిండాడు. చెంబులోది రెండింటిలోకీ వంచాడు. 

"వన్ బై టూ," అన్నాడు.

గట్టయ్య గ్లాసు వైపు చూసి, ఆయన వైపు చూసి, మళ్ళీ గ్లాసు వైపు చూశాడు. "చాయ్ అంటివి కద?"

"గిది కూడ చాయే. ఐస్ చాయ్. గ్రీన్ టీ అంటరు."

"గ్రీన్ యాడున్నది?"

"లోపలుంటది. తాగు."

ఇద్దరూ ఒకేసారి గ్లాసులెత్తి ఒక గుక్క తాగారు.

అయ్యో రామా! వామన్‌రావుకు ఆ ఒక్క గుక్కతో చెవుల దాకా చేదెక్కింది. వేపాకు కషాయం దీని ముందు పాయసం. నాలుక మందంగా మొద్దుబారిపోయి, బుగ్గలు లోపలికి పీక్కుపోయి, ఒక కన్ను దానంతట అది మూసుకుంది. ఉమ్మేద్దామంటే ఎదురుగా గట్టయ్య. ఒకసారి సగం వదిలేసి లేచినవాడు, మళ్ళీ తానే పిలిచి, తానే చేసి, తానే వదిలేస్తే ఇంకేమైనా మిగులుతుందా? మింగాడు.

గట్టయ్య కూడా మింగాడు. అతని మెడలో ముడి పైకి లేచి, అక్కడే ఆగి, ఎంతకో కిందికి దిగింది. సగం వదలకూడదని ఇన్నేళ్ళు చెప్పిన నోరు అది. ఇప్పుడు ఎలా వదులుతాడు?

"ఎట్లున్నది?" అన్నాడు వామన్‌రావు, గొంతు పెగుల్చుకుని.

"గట్టిగున్నది."

"దమ్ ఇచ్చిన."

"తెలుస్తున్నది," అన్నాడు గట్టయ్య. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మళ్ళీ గ్లాసులెత్తారు. నువ్వు ఆపితే నేను ఆపుతాను అన్నట్టు ఒకరినొకరు చూసుకుంటూ, ఒకరూ ఆపకుండా, గుక్క వెనక గుక్క తాగుతూ పోయారు. నడుమ గట్టయ్య "దుకాణంల ఏం గిరాకీ లేదు ఇయ్యాల" అన్నాడు. "ఎండలు కద" అన్నాడు వామన్‌రావు. ఆ పాటి మాటకు ఇద్దరికీ ఊపిరి సరిపోలేదు. ఆఖరి గుక్క అయ్యాక గట్టయ్య గ్లాసు బోర్లించి, ఇదిగో చూడు అన్నట్టు బల్ల మీద పెట్టాడు. ఐసు ముక్క జారి కింద పడింది. వామన్‌రావు కూడా తన గ్లాసు బోర్లించాడు.

ఆ సమయానికి కమల వచ్చింది, చేతిలో ప్రసాదం పొట్లంతో. ఇద్దరు పెద్దమనుషులు ఎర్రబడ్డ కళ్ళతో, నోళ్ళు బిగించుకుని ఎదురెదురుగా కూర్చుని ఉండడం చూసి భయపడింది. "ఏమైంది? కొట్లాడుకున్నరా?"

ఇద్దరూ ఒకేసారి తలలు అడ్డంగా ఊపారు. లోపలికి వెళ్ళింది. "ఇదేంది! గిన్నెకు పిండి? బిర్యానీ గిట్ట ఏసిన్రా?" అని అక్కణ్ణుంచి కేక వినిపించింది. ఆ వెనకే చెంచా చప్పుడు, దాని వెనక తొట్టి దగ్గర పుక్కిలించిన చప్పుడు. కొంగుతో నోరు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"తాగిన్రా గిది? ఇద్దరు?"

"మొత్తం తాగినం," అన్నాడు వామన్‌రావు. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, సిగ్గులేని మనిషి.

"ఎందుకు తాగిన్రు? తలకాయలున్నయా మీకు?"

"ఇడిసిపెట్టొద్దు కద వదినమ్మా," అన్నాడు గట్టయ్య నెమ్మదిగా.

ఆ మాటతో వామన్‌రావుకు లోపల కట్టుకున్నదంతా తెగిపోయింది. "నాకు షుగరొచ్చింది గట్టయ్యా," అనేశాడు. "ఆ రోజు నీ మీద కోపంతోని లేవలే. డాక్టరు బంద్ అన్నడు. నీకు చెప్పనీకి నోరు రాలే. లేచి పోయినంక మల్ల రానీకి మొకం లేదు. నీకు చెప్పకుండ నేను... నువ్వు లేక నాకు దినం గడుస్తలేదురా."

గట్టయ్య నవ్వలేదు, కోప్పడలేదు. పైనున్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

కమల ఇద్దరినీ అక్కడే కూర్చోమని లోపలికి వెళ్ళింది. నీళ్ళు సన్న బుడగలు రాగానే దించి, ఆకు వేసి, చప్పున వడగట్టి, గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లార్చింది. నిమ్మరసం పిండి, పుదీనా నలిపి వేసి, గ్లాసుల నిండా ఐసు పోసింది. ఈసారి రంగు లేత బంగారంలా తేటగా ఉంది. తెచ్చి ముందు పెట్టి, గట్టయ్య గ్లాసులోకి తేనె సీసా వంచబోయింది. "ఈయనకంటె వద్దు. మీకేమన్న షుగరా, తీయగ తాగున్రి అన్నా."

గట్టయ్య తన గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు వదినమ్మా."

"జరంత ఏస్త, చేదుగుంటది."

చెయ్యి తియ్యలేదు. కమల సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడకు పిల్లల ముఖాలు చూసి అబద్ధాలు పట్టే అలవాటు. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"మా చిన్నపిల్ల లగ్గం కంటె ముందల నుంచి," అన్నాడు గట్టయ్య, తప్పు చేసి దొరికినవాడిలా.

"అరె!" వామన్‌రావు కుర్చీలోంచి లేచాడు. ఆ పిల్ల కొడుకు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. "గన్నేండ్లు! గన్నేండ్లు నాకు చెప్పలే నువ్వు?"

"నువ్వు చెప్పినవా?"

"నాది నెల కూడ కాలే! నీది... నీకు షుగరుండంగ రోజూ హోటల్ల చాయ్ ఎట్ల తాగినవ్?"

"దుకాణంల ఒక్క చుక్క ముట్ట. ఇంట్ల ముట్ట. దినమంత ఒద్దికగ ఉండి, గా సగం ఒక్కటి తాగుతుంటి. గోలీలు ఏసుకుంట. మా ఇంటిది తిడుతనే ఉంటది."

"మరి బంద్ చెయ్యొద్దా? సావనీకి తాగినవా? చాయ్ అంటె గంత పిచ్చా నీకు?" వామన్‌రావుకు కోపం నషాళానికి అంటింది. అందులో భయం కూడా కలిసి ఉంది.

గట్టయ్య పుదీనా ఆకును వేలితో పక్కకు జరిపి, ఆ చల్లని, చక్కెర లేని చాయ్ నిమ్మళంగా ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"చాయ్ కోసం ఎవడొచ్చిండు గా హోటల్‌కు?" అన్నాడు.

వామన్‌రావు నిలబడ్డవాడు నిలబడినట్టే ఉండిపోయాడు.  కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, తుడిచిందే తుడిచాడు. కమల తేనె సీసాకు మూత బిగించి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన వచ్చి గట్టయ్య పక్కనున్న కుర్చీలో కూర్చుని, తన గ్లాసు అందుకుని తాగడం మొదలుపెట్టాడు.